తడిమట్టి తెచ్చిన దారి

ఎగువపట్టివారు దిగువపట్టికి పని మీద బయలుదేరితే, పొయ్యి మీద పెట్టిన సజ్జగంజి పొంగేలోపల తిరిగి వచ్చేవారు. దిగువపట్టివారు ఎగువపట్టికి పోవలసి వస్తే సద్దిమూట కట్టుకొని, దీపాల వేళకు రాకపోతే వెదకవద్దని ఇంట్లో చెప్పి పోయేవారు. దారి మాత్రం ఒకటే.

రెండు రాతికొండలు ఎక్కి దిగి, రెండు చెరువుల గట్లను ఆనుకొని, వైప్పారు ఏటి ఇసుకను దాటి పోయే ఆ కంకరదారి ఎగువపట్టివారికి కుదించుకొనేది, దిగువపట్టివారికి సాగేది. తాతల నాటి ఏదో తగవులో అది ఎగువపట్టి పక్షం పట్టినది. కోవిల్పట్టి నుంచి సర్వే దొర ఒకడు వచ్చి గొలుసు పట్టి కొలిచి, నిన్నటి కొలతకూ నేటి కొలతకూ పొంతన కుదరక, గొలుసును తిట్టుకొంటూ పోయినాడు. బండియెద్దులు ఆ దారి మొగం చూడవు. విరుదునగర్ పోయే మిరపకాయల బండ్లు సైతం చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీదనే పోయేవి. కనుక ఆ కొండల నడుమ చక్రం జాడ అన్నది లేదు.

రెండూళ్ళకూ నీళ్ళిచ్చే పెద్దచెరువు ఎగువపట్టిది. నీళ్ళు గట్టులోని గుర్తురాయిని తాకిన నాడు తప్పెట కొట్టిస్తారు. ఆనాడు దిగువపట్టి మనిషి ఒకరు అక్కడికి పోయి, తన ఊరూ ఇల్లూ అందరూ వినేటట్లు చెప్పి, నీటి అంచున పిడికెడు మట్టి తీసుకోవలెను. దానికి మూత వేయరాదు, తడిగుడ్డ చుట్టరాదు. అది తడి ఆరకుండా దిగువపట్టి పెద్ద చేతికి చేరితే మొదటి నీళ్ళు దిగువకు. ఎండితే ఆ ఏడు దిగువకు మిగులునీళ్ళే. దారి పక్షం పట్టిన తరువాత మట్టి ఒక్కసారైనా తడిగా చేరలేదు.

పొన్నమ్మాళ్ ఎగువపట్టి పెద్ద అప్పాసామి నాయకరు కూతురు. రెండూళ్ళకూ రాజీ కుదురుతుందని ఆమెను దిగువపట్టి చెల్లసామికి ఇచ్చినారు. రాజీ కుదరలేదు, పెళ్ళి మిగిలినది. పుట్టింటికి పోయివచ్చిన ప్రతిసారీ ఆమె త్వరగా రావడం చూసి అత్త కృష్ణమ్మాళ్ మూతి విరిచేది.

“పోయిందీ తెలియదు, వచ్చిందీ తెలియదు. దారికి నీవు ఇంకా వాళ్ళ బిడ్డవే.”

“నన్నేమి చేయమంటావత్తా? దారిలో కూచొని పొద్దు పుచ్చి రమ్మంటావా?”

“నోటికేమీ తక్కువ లేదు. అదీ వాళ్ళదే.”

చెల్లసామి విరుదునగర్‌లో మిరపకాయల మండీలో తూకం పట్టి, ఒక పాత సైకిలు తెచ్చుకొన్నాడు. దిగువపట్టిలో అదే మొదటి సైకిలు. దాని బలం చూసుకొని పోయిన ఏడు మట్టికి పోయినది అతడే. చక్రం ఎంత త్వరగా తిరిగితే దారి అంత త్వరగా సాగినది. రెండు చెరువులున్న చోట మూడోది కనబడినది. కొండ వెనుక కొండ లేచినది. అతడు చీకటి పడ్డాక, మోకాలు చీరుకొని, పిడికెడు దుమ్ముతో ఇల్లు చేరినాడు. ఎగువపట్టివారు ఆ ఏడంతా అతనిని “దుమ్ము అల్లుడు” అని పిలిచినారు.

శ్రీముఖ సంవత్సరం ఐప్పసి నెలలో వానలు పడి వెలిసినవి. నారుమళ్ళు పచ్చగా నిలిచినవి. ఎండ మాత్రం వేసవిని తలపించినది. చెల్లసామి గుంజకు ఆనుకొని కూర్చొని చెప్పినాడు.

“ఈ ఏడు నేను పోను. నారు ఎండనీ. కోవిల్పట్టి నూలుమిల్లులో మేస్త్రీతో మాట్లాడినాను. ఇద్దరికీ పని ఉండాదంట.”

“నేను మిల్లుకు రాను.”

“రాక? ఇక్కడ ఏమి తింటావు?”

“ఆ నారు పోసింది నేను మామా. నాటకుండా వదిలిపెట్టి, ఆ మిల్లు గదిలో ఎగిరే దూది మింగను. తప్పెట మోగితే నేనే పోతాను.”

చెల్లసామి నవ్వినాడు. కృష్ణమ్మాళ్ నవ్వలేదు.

“పోతావు, సరే. ఊరి పేరు చెప్పవలె గదా? మా ఊరి పేరు నీ నోట వచ్చినాక ఆ దారి నిన్ను మాత్రం వదులుతుందా?”

“ఇన్నేండ్లుగా నన్ను తన బిడ్డ అనుకొన్న దారి. ఒక పూటలో మారుతుందా, చూస్తాము.”

ఎండిన గుంటలో సైకిలు తొక్కడం ఆమె అంతకు ముందే నేర్చినది. ఆడవారు చూసి, గేదె నిచ్చెన ఎక్కినట్లుందని నవ్వినారు. ఆమె చీరను గోచీ పోసి బిగించి, పడి, లేచి, మళ్ళీ తొక్కినది.

తప్పెట మోగిన ఉదయం ఆమె సైకిలు మీద బయలుదేరినది. ఎప్పటివలెనే దారి ముడుచుకొని ఆమెను ఎగువపట్టి గట్టు మీద దించినది. గట్టు నిండా జనం. నడుమ తండ్రి, భుజం మీద జరీ కండువాతో.

“దిగువపట్టిలో మగవారు తీరిపోయినారా?” అన్నాడు ఆయన.

“పోయిన ఏడు మగవాణ్ణి పంపితే దుమ్ము అంటిరి గదా నాయనా.”

ఎవరో కిసుక్కున నవ్వి, అప్పాసామి చూడగానే దగ్గినారు.

“ఏ ఊరు? వాడుక ప్రకారం చెప్పు.”

“దిగువపట్టి.”

“ఎవరి ఇల్లు?”

“చెల్లసామి ఇల్లు. వాళ్ళ కోడలిని, వాళ్ళ మనిషిని.”

ఆ మాట అనగానే ఎదుటి కొండ ఒక బారు వెనుకకు జరిగినది. ఏటి గట్టు తాటిచెట్లు సన్నబడి దూరమైనవి. జనం ఊపిరి విడిచి, ఇక ఇండ్లకు పోదామన్నట్లు లేచినారు. అప్పాసామి కూడా అంతటితో ఊరుకొని ఉంటే పని ముగిసిపోయేది. కాని కూతురు ఆ మాటను తడబడకుండా, తలవంచకుండా, తన వారందరి ఎదుట అన్నది. అది ఆయనకు మింగుడుపడలేదు.

ఆయన కండువా తీసి గట్టు మీద పెట్టి చెరువులో దిగినాడు. చచ్చినవారికి మునిగే మునక మూడుసార్లు మునిగి లేచినాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా చెప్పినాడు.

“అప్పాసామికి కూతురు లేదు. ఈ పూట పోయింది. అందరూ వినండి.”

తల్లి పాపమ్మాళ్ గట్టు చివర నిలబడి భర్త వైపు చూసి, “తొందరపడితివి,” అని మాత్రం అన్నది.

పొన్నమ్మాళ్ నీటి అంచున మట్టి తీసి, సైకిలు పిడి నడుమ ముద్దగా అంటించి, ఎక్కి తొక్కినది.

కొంత దూరం పోయిన తరువాత ఆమెకు తెలిసినది. కొండ తిరిగి తన చోటికి వచ్చి నిలిచినది. దారి కుదించుకోలేదు, సాగనూ లేదు. పుట్టింటివారికి ఆమె లేదు. చచ్చినదాన్ని మెట్టినింటి మనిషి అనడానికీ వీలు లేదు. ఏ ఊరికీ చెందనిదానిని ఏమి చేయవలెనో దారికి తోచలేదు. అది తనకు ఉన్నంత పొడుగే ఉండిపోయినది.

ఆ పొడుగు తక్కువది కాదు. మొదటి కొండ ఎక్కుటలో కంకర చక్రం కింద జారి ఆమెను రెండుసార్లు పడవేసినది. మోచేయి చీరుకొన్నది. దిగుటలో గాలి చెవులలో హోరెత్తినది. ఎన్నో ఏండ్లు ఆ దారిన తిరిగిన మనిషే అయినా, దారి పక్క చిన్నచెరువులో తామరలు ఉన్నవని ఆమెకు అంతవరకు తెలియదు. దారి ముడుచుకొన్నప్పుడు అవి మడతలో పడిపోయేవి. చూడడానికి నిలువలేదు. మట్టి అంచులు తెల్లబడుతున్నవి. వైప్పారులో చీలమండ లోతు నీళ్ళలో సైకిలును తోసుకొంటూ నడిచినది. ఒక చుక్క చిందినా మోసమంటారని మట్టి మీద చేయి అడ్డం పెట్టినది. రెండో కొండ మీద ఊపిరి అందక వాంతి చేసుకొన్నది. ముద్ద పైన పగుళ్ళు బారినవి. ఆమె దిగకుండా తొక్కినది.

దిగువపట్టి పెద్ద వీరసామి నాయకరు చావడి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఆమె ఇంత త్వరగా రావడం చూసి ఆయన మొగం చిట్లించుకొన్నాడు.

“ఊరి పేరు చెప్పకుండా వచ్చేస్తివా?”

“చెప్పినాను మామా. ఎగువవారినే అడగండి, నా వెనుకే వస్తున్నారు.”

“దారిలో తడిపితివా?”

“తడిపి ఉంటే పైన పగులుతుందా?”

ఆయన ముద్దను రెండుగా విరిచినాడు. పైపెంకు పొడి అయి రాలినది. నడుమ, ఉసిరికాయంత మేర, నల్లగా మెరిసినది. వేళ్ళతో నొక్కితే వేలిముద్ర నిలిచినది. వెనుక వచ్చిన ఎగువపట్టి మనుషులు ఆ ముద్ర చూసి, తూము తెరవడానికి మరలినారు. చెల్లసామి ఆ సాయంకాలం నారు పీకడానికి కూలీలను పిలిచినాడు. మిల్లు మాట మళ్ళీ ఎత్తలేదు.

దిగువపట్టివారు ఆమెను మెచ్చుకొన్నారని కాదు. చచ్చినదాని చేతి నీళ్ళని కొందరు గొణిగినారు. నీళ్ళను మాత్రం వదలలేదు.

అప్పాసామి పట్టు విడిచే మనిషి కాదు. కూతురికి కర్మలు కూడా చేయించినాడు. ఆ కబురు విని కృష్ణమ్మాళ్ మొదటిసారి కోడలి పక్కన వచ్చి కూర్చొన్నది.

“ఈరోజు నీకు ఆకు వేస్తారంట.”

“నాకు వడ్డించి పెడితే నేను పోకుంటే ఎట్లా అత్తా?” అని పొన్నమ్మాళ్ సైకిలు తీసినది.

ఎగువపట్టిలో వాకిట చుట్టాలందరూ ఆకలితో కూర్చొని ఉన్నారు. నడుమ విడిగా ఒక ఆకు, దాని మీద ఆమెకు ఇష్టమైన నువ్వులపొడి అన్నం, చింతపండు చారు, బెల్లం పొంగలి. పోయినవారు ముట్టనిదే ఎవరూ తినరాదు. కాకి కోసం అందరూ ఇంటికప్పు వైపు చూస్తున్నారు. ఆమె సైకిలును గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కొని, ఆ ఆకు ముందు కూర్చొని తినసాగినది. పో అనడానికి లేదు, రా అనడానికి లేదు. లేని మనిషితో ఎవరు మాట్లాడుతారు? తల్లి గరిటె తెచ్చి, ఆకు వైపు చూడకుండానే ఇంకొంచెం చారు పోసినది.

పొన్నమ్మాళ్ ఆకు మడిచి, చేయి కడుక్కొని, సైకిలు ఎక్కినది. వచ్చే ఏడు మట్టికి వచ్చినప్పుడూ దారి సాగదని, ఆమెను అడ్డగించేవారు ఉండరని అక్కడ ఉన్న అందరికీ తెలిసినది.

పురోహితుడు, వాడుక తప్పరాదు గనుక, కర్తను అడిగినాడు.

“పోయినది తృప్తిగా తిన్నదా?”

అప్పాసామి ఆమె మడిచిన ఆకును చూసినాడు.

“తిన్నది,” అన్నాడు.