రెండొందల పదో అడుగు దగ్గర ఇల్లు

పేర్రాజు మాస్టారు పొద్దున్నే వాకింగుకి బయల్దేరితే, ఏ వీధిలోనైనా సరే, సరిగ్గా రెండొందల పదో అడుగు దగ్గర ఒక టులెట్ బోర్డు మొలుస్తుంది. నిన్న తూర్పుకి నడిచారు, తూర్పున మొలిచింది. ఇవాళ పడమరకి నడుస్తున్నారు, పడమర మొలిచింది. ఆయన కుడి పిక్క పట్టేసేది కూడా అక్కడే కాబట్టి మాస్టారికి ఇందులో వింతేమీ కనపడదు.

పిక్క పట్టిందంటే తడి తువ్వాలు పిండినట్టే ఉంటుంది. రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడితే దానంతటదే వదిలేస్తుంది. కాలికి నెత్తురు సరిగ్గా అందడం లేదని డాక్టరు చెప్పాడు. సిగరెట్లు మానెయ్యమన్నాడు, మాస్టారు మానేశారు. రోజూ నడవమన్నాడు, నొప్పొస్తే ఆగి, తగ్గాక మళ్ళీ నడవమన్నాడు. అదీ చేస్తున్నారు. ఈ సంగతి ఇంట్లో చెప్పమని కూడా అన్నాడు. ఆ మందొక్కటే మాస్టారు మింగలేదు. "ఏమన్నాడండీ?" అని భార్య మాణిక్యాంబ అడిగితే, "ఏముంది, నడవమన్నాడు" అని ఊరుకున్నారు.

కాకినాడ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. ఎండలో కూలబడ్డ పిల్లల్ని "లేవరా, నాటకాలాడకు" అని లేపిన నోటితో, నా కాలు నడవనంటోందని పెళ్ళాంతో ఎలా చెబుతారు? అందుకే పిక్క పట్టినప్పుడల్లా అద్దె ఇల్లు చూస్తున్నట్టు నిలబడతారు. ఆయనకి సొంత ఇల్లుంది.

వాకింగుకి మాణిక్యాంబా వస్తుంది. మాట్లాడుతూ ముందు నడుస్తుంది, వెనక్కి తిరిగి చూడదు. నలభై ఏళ్ళుగా పక్కనున్న మనిషి ఇప్పుడు మాత్రం ఎక్కడికి పోతాడని ఆవిడ ధీమా. ఇవాళ ఉసిరికాయ పచ్చడి గురించి చెబుతోంది. ఆవిడ ఎంత ముందుకెళ్ళినా గొంతు మాత్రం మాస్టారి చెవి పక్కనే ఉంటుంది.

"వింటున్నారా?"

"ఊఁ" అంటారు మాస్టారు, బోర్డు కింద నిలబడి.

ఆ ఊఁకి వీధి ఒక ఇల్లంత పొడుగు సాగుతుంది. ఆ కొత్త ఇంట్లోంచి, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ ముగ్గు చిప్పతో బయటికొస్తుంది.

"ఎంతమందుంటారండి?"

"ఇద్దరమండి."

"రండి, చూస్కోండి."

లోపల రెండు మంచాలు. కిటికీలో మాస్టారి కళ్ళజోడు, మేకుకి ఆయన డ్రిల్లు విజిలు. మీరొస్తారని ఏదీ కదపలేదంటుంది ఇంటావిడ. తన విజిలే కాబట్టి మాస్టారు తీసి జేబులో వేసుకుంటారు. ఈలోగా పిక్క వదిలేస్తుంది. బయటికొచ్చి చూస్తే మాణిక్యాంబ అరచేయంత కనపడుతోంది.

ఆయన జోరుగా నడుస్తారు. రెండొందల పది అడుగులే నడవగలరు. అక్కడ రెండో బోర్డు.

"పోయినేడాది ఉప్పు తక్కువై బూజు పట్టింది. వింటున్నారా?"

"ఊఁ."

వీధి మళ్ళీ సాగుతుంది. ఈసారి ఇంటాయన అరుగు మీద అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు.

"ఎంతమంది?"

"ఇద్దరమండి."

"ఆ రెండోవారేరీ?"

"ముందు నడుస్తోంది."

"ముందు నడిచేవాళ్ళని మేం కలుపుకోమండి. ఆగినవాళ్ళే ఉంటారు ఇక్కడ" అని, ఆయన రెండో చెంపకి సబ్బు రాసుకుంటాడు.

లోపల ఒకటే మంచం. దండెం మీద మాస్టారి లుంగీ ఆరుతోంది, పక్కన చీర లేదు. ఆయన గడప దాటి వచ్చేసరికి మాణిక్యాంబ పెసరగింజంత అయిపోయింది.

మూడో ఇంటికి యజమాని ఎవరూ లేరు. తాళంచెవి మాస్టారి జేబులోనే ఉంది. బోర్డు మీద 'ఒక్కరికి మాత్రమే' అని, కింద అప్పుడే రంగు వేసినట్టు ఆయన పేరూ ఉన్నాయి. తలుపు తీస్తే ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు. ఆ కంచంలో అన్నం వడ్డించి ఉంది, పొగలు కక్కుతోంది. పిక్క ఇంకా వదల్లేదు గానీ, గడప లోపలికి ఒక్క కాలు పెడితే వదిలేస్తుందని ఆయనకి తెలుసు. ఇంకెప్పుడూ పట్టదని కూడా తెలుసు.

మాస్టారికి భయమేస్తుంది. నలభై ఏళ్ళలో ఆయన ఒంటరిగా అన్నం తిన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

"వింటున్నారా?" అంటుంది మాణిక్యాంబ గొంతు. ఈసారి కాస్త సన్నగా ఉంది. ఆవిడ మాత్రం ఎక్కడా కనపడటం లేదు.

ఊఁ నాలిక చివరిదాకా వస్తుంది. మాస్టారు దాన్ని మింగేసి విజిలు ఊదుతారు. ఆ విజిలుకి ఒకప్పుడు ఆరొందల మంది పిల్లలు ఉన్నచోటే ఆగిపోయేవాళ్ళు. వీధి ఆగదు, ఇంకో రెండు ఇళ్ళు సాగుతుంది. ఆయన విజిలు తీసి గడప మీద పెట్టేసి, వీధి మధ్యకి కుంటుకుంటూ వస్తారు.

"మాణిక్యం" అంటారు. "నా పిక్క పట్టేసింది. నడవలేకపోతున్నా. కాస్త ఆగు."

వీధి ఆగుతుంది. తరవాత ఇళ్ళ కింద కాళ్ళు మడుచుకుని, గేదె పడుకున్నట్టు నిదానంగా కూలబడుతుంది. సాగిందంతా ముడుచుకునేసరికి మాణిక్యాంబ నాలుగడుగుల దూరంలో ఉంది. వెనక్కి తిరిగింది. మొహంలో కోపం ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఎన్నాళ్ళబట్టీ?"

"వినాయక చవితి నుంచి."

ఆవిడ ఆయన వెనకున్న టులెట్ బోర్డు చూస్తుంది. "అప్పట్నించీ ఇళ్ళు చూస్తున్నారా?"

"ఆఁ."

"నేను ఈ పచ్చళ్ళ గోలంతా ఎవరికి చెప్పుకున్నట్టు?" అని ఆవిడ నడివీధిలో చతికిలబడి, ఆయన్నీ కూర్చోబెట్టి, ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుంటుంది. మాస్టారికి సిగ్గుగా ఉంటుంది, హాయిగానూ ఉంటుంది. రెండు నిమిషాలకి పిక్క వదిలేస్తుంది. ఆయన కాలు వెనక్కి తీసుకోరు.

అప్పుడు మురిక్కాలవ పక్కనుంచి వీధి తన కాలొకటి బయటికి చాపుతుంది. కరెంటు స్తంభమంత పొడుగు, ఒళ్ళంతా తారు, పిక్క దగ్గర గుమ్మడికాయంత గట్టి ముడి. తెచ్చి మాణిక్యాంబ ఒళ్ళో, మాస్టారి కాలు పక్కన పెడుతుంది.

ఆవిడ చీర సర్దుకుని రెండింటికీ చోటు చేస్తుంది. "నీకెన్నాళ్ళబట్టీ?" అని అడుగుతుంది.

వీధి కాసేపు ఆలోచించి, నిజం చెబుతుంది.