ప్రాజెక్టు అక్క

మూడో బంతికి గాలి కొడుతుండగానే ఆమెకు ఆయాసం వచ్చేసింది. పంపు పిడి మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. బుట్టలో ఇంకా సగం బంతులు సొట్టలు పడి ఉన్నాయి. కాసేపట్లో పిల్లలు వచ్చి, "ఇదేంటక్కా, ఇది ఎగరడమే లేదు" అని మొదలుపెడతారు.

ఆ వ్యాయామ కళాశాలలో ఆటసామాను గది ఆమె చేతిలో ఉంది. పెళ్ళయిన కొత్తలో చేరింది. వలలు, గుండ్లు, చెమట వాసన కొట్టే జెర్సీలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, చిరిగినవి కుట్టి పెట్టడం పని. అప్పట్లో సన్నగానే ఉండేది. రెండు కాన్పులు, ఒక ఆపరేషను అయ్యేసరికి ఒళ్ళు వచ్చింది. ఏ బ్యాచి పెట్టిందో గానీ రోలరక్క అన్న పేరు మాత్రం సామానుతో పాటు ఏటా కొత్తవాళ్ళకు అందుతూ వచ్చింది. పిలిస్తే పలికేది. తన పిల్లల ఈడువాళ్ళే కదా అని సరిపెట్టుకునేది.

ఈ ఏడాది ఆమె ప్రాజెక్టు అయింది. చివరి సంవత్సరం వాళ్ళు తలా ఒక లావుపాటి మనిషిని ఎంచుకుని బరువు తగ్గించి చూపించాలట. దానికి మార్కులు. ఎప్పుడూ మెడలో విజిల్‌తో తిరిగే అమ్మాయి, అందరూ 'విజిలు' అని పిలిచే పిల్ల, పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నిన్ను నేను బుక్ చేసుకున్నా. ఇంకెవరికీ మాటివ్వకు!"

తన కోసం ఎవరైనా అలా పరుగెత్తుకొచ్చి ఎన్నాళ్ళయిందో. ఒప్పేసుకుంది.

ఉడికించిన కాయగూరలు తినమంది, తిన్నది. మైదానం చుట్టూ నడవమంది, నడిచింది. చెమటతో పోయిన ఉప్పు మళ్ళీ ఒంట్లోకి రావాలని ఉప్పు నీళ్ళు తాగిస్తే తాగింది. మొదట తగ్గింది. తర్వాత ఆకలే చచ్చిపోయి తిండి సగానికి పడిపోయాక, బరువు పెరగడం మొదలైంది.

ఈవాళ తూకం రోజు.

"మళ్ళీ రెండు కిలోలు పెరిగావ్!" విజిలు ముఖం మాడిపోయింది.

"నేనేం తినలేదమ్మా. నిన్న రాత్రి పాలు కూడా ముట్టుకోలేదు."

"మరి గాలి తిని పెరిగావా అక్కా?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"బంతులతో పాటు తనకీ పంపు కొట్టుకుంటోందేమోరా!"

అందరూ నవ్వారు. విజిలు నవ్వలేదు. ఆమెను పక్కకు తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "తిట్టను. నిజం చెప్పు. దొంగతిండి తింటున్నావా?" అంది.

"తినలేదని చెబుతున్నానా లేదా?" ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. అందరూ ఇటు తిరిగారు. ఆమే తగ్గి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తింది. "ఈ కాళ్ళు చూడమ్మా, నీరు దిగినట్టు ఉబ్బిపోయాయి. నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. నాలుగు మెట్లెక్కితే ఊపిరి ఆడట్లేదు."

"అంత ఒళ్ళుంటే ఆయాసం రాదా? తగ్గితే అదే పోతుంది. ఇంకో రౌండు ఎక్కువ వెయ్యి."

ఈ ప్రాజెక్టు ఇచ్చిన సారు అటుగా వెళ్తూ ఆగాడు. "నోరు కట్టుకోవాలమ్మా. మనసు గట్టిగా ఉండాలి" అని చెప్పి, "రాసుకోండి, సబ్జెక్టు సహకరించకపోవడం అంటే ఇదే" అన్నాడు పిల్లలతో.

అంతకుముందే డాక్టరు దగ్గరికీ వెళ్ళి వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "ముందు బరువు తగ్గి రా, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఇంట్లో మొగుడు మంచివాడే. అయినా, "ఆ కాలేజీలో ఏదో ఒకటి నోట్లో వేసుకుంటుంటావే, నీకు గుర్తుండదు" అన్నాడు. ఇంతమంది చెబుతుంటే ఆమెకే అనుమానం పట్టుకుంది. నిద్రలో లేచి తింటున్నానేమోనని రాత్రి వంటింటికి గొళ్ళెం పెట్టించింది. తెల్లారగానే గిన్నెల మూతలు తీసి చూసుకునేది. అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఈవాళ మధ్యాహ్నం ఎండలో విజిలు చెప్పిన ఆ ఎక్కువ రౌండు కూడా వేసింది. పిల్ల మార్కులు పోకూడదు. తను అబద్ధాలకోరు అనిపించుకోకూడదు. వచ్చి గదిలో కుర్చీలో కూర్చుంది.

వల కోసం వచ్చిన కుర్రాళ్ళు గుమ్మంలోనే ఆగారు. "చూడరా, ఫుల్లుగా లాగించి ఎలా పడుకుందో." నవ్వు ఆపుకుంటూ, చప్పుడు కాకుండా వల తీసుకుపోయారు. ఆట అయ్యాక తిరిగి తెచ్చినప్పుడు కూడా ఆమె అలాగే ఉంది. అప్పుడు వాళ్ళ వెనకే వచ్చిన విజిలు భుజం పట్టి కుదిపింది.

ఆమె చెప్పులూ సంచీ తీసుకెళ్ళడానికి రెండు రోజుల తర్వాత మొగుడు వచ్చాడు. "రాత్రిళ్ళు పడుకోలేకపోయేదమ్మా. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదని గోడకు జారగిలబడి కూర్చునేది. ఒళ్ళు కదా, అంతేలే అనుకున్నాను" అన్నాడు విజిలుతో.

ప్రాజెక్టుకు వేరే మనిషిని చూసుకోమని సారు విజిలుకు అప్పటికే చెప్పేశాడు. ఆ సాయంత్రం హర్డిల్స్ తీసుకోవడానికి విజిలు ఒక్కతే గదిలోకి వెళ్ళింది. హైజంప్ పరుపుల వెనక, గోడకు ఆనించి, పాత జెర్సీల మూటలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. చెయ్యి దానంతటదే వాటి సందుల్లో చిరుతిండి పొట్లాల కోసం వెతికింది. ఏమీ దొరకలేదు. పై మూటలో మాత్రం ఒక వీపు ఆనినంత మేర గుంట పడి, ఇంకా అలాగే ఉంది.