నలభై పీపాల డీజిల్

బావ చచ్చిపోయాక కూడా నేను రెండు గంటలు పని చేశాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, దాచుకుంటే తర్వాత చెప్పేదానికి విలువుండదు.

రేవులో క్రేన్‌తో బస్తాలు లేపే వల పాతబడిపోయిందని బావ వారం నుంచి మొత్తుకుంటూనే ఉన్నాడు. అది తెగి, ఓడ అడుగున ఉన్న అతని మీదే పడింది. కాంట్రాక్టరు తొంగి చూసి, "టార్పాలిన్ కప్పండి. సాయంత్రానికి ఓడ కదలాలి" అన్నాడు.

క్రేన్ గదిలోంచి ఓడ అడుగు కనబడదు. అందుకని ప్రతి ముఠాకీ అంచున నిలబడి చెయ్యి ఊపే మనిషి ఒకడుంటాడు. మా ముఠాకి ఆ మనిషిని నేను. టార్పాలిన్ పక్కనుంచే బస్తాలు లేపించాను. ఏడుపు రాలేదు.

మర్నాడు చెయ్యి ఎత్తలేదు. క్రేన్ నడిపే పెద్దాయన అరగంట చూసి కిందికి దిగొచ్చాడు.

"ఏమైందిరా?"

"కొత్త వలలు వచ్చేదాకా ఎత్తను."

"అయితే నేనూ ఎక్కను."

మధ్యాహ్నానికి పన్నెండు క్రేన్లూ ఆగిపోయాయి. సమ్మె అలా మొదలైంది. ఉపన్యాసాలు తర్వాత వచ్చాయి.

ఊరికి సరుకంతా రేవు మీదుగానే రావాలి. పదకొండో రోజుకి పెట్రోలు బంకుల ముందు జనం సీసాలు పట్టుకుని కొట్టుకుంటున్నారు. కొట్లలో పంచదార లేదు, సబ్బు లేదు. ఒక లారీ డ్రైవరు రోజూ గేటు దగ్గరికొచ్చి తిట్టిపోసేవాడు.

"మీరూ మీరూ తేల్చుకోక మా పొట్టలు కొడతారేంటయ్యా? లారీకి దండేసి కూచోమంటారా?"

తలలు దించుకున్నాం.

ఆ రోజే ఆసుపత్రి నర్సు వచ్చింది. "కరెంటు సగం రోజు ఉండట్లేదు. జనరేటర్‌కి రేపటిదాకానే డీజిలుంది. మాకు రావలసిన నలభై పీపాలు మీరు దింపకుండా ఆపిన ఓడలోనే ఉన్నాయి" అంది. నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఎల్లుండి మీ అక్కకి కాన్పు ఆపరేషన్."

అక్కంటే బావ భార్యే. నెలలు నిండిన మనిషి.

షెడ్డులో మీటింగు పెట్టాం. ముఠా మేస్త్రి ససేమిరా అన్నాడు. "ఒక్క పీపా దింపినా సమ్మె గంగలో కలిసినట్టే. రేపు ఇంకోడొచ్చి నాకూ అంటాడు."

"ఆసుపత్రిలో పడుకున్నది మనవాళ్లేరా!" అని ఎవరో అరిచారు.

మేస్త్రి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు, నీ అక్క కదా."

"నా అక్క కాబట్టే నేను చెప్పను" అన్నాను. నిజానికి చెప్పడానికి నా లోపల ఏమీ మిగల్లేదు.

పెద్దాయన లేచాడు. "కాంట్రాక్టరు దగ్గర పని మానేశాం గానీ పని మర్చిపోలేదుగా? ఆ నలభై మనమే దింపుదాం. కూలీ వద్దు, వాడి పెత్తనమూ వద్దు. గట్టి తాళ్లు చూసి కడదాం."

ఒక్కొక్క చెయ్యీ లేచింది. అందరికంటే ఆఖర్న, గొణుక్కుంటూ మేస్త్రిది.

కాంట్రాక్టరు గేటుకి తాళం వేయించాడు. "దింపితే ఓడంతా దింపండి. లేదంటే ఆసుపత్రికైనా సరే, ఒక్క పీపా కదలడానికి వీల్లేదు."

లారీ డ్రైవరు అక్కడే ఉన్నాడు. "ఓహో! తిట్టాల్సినవాణ్ణి వదిలేసి పదకొండు రోజులుగా వీళ్లని తిట్టానన్నమాట" అన్నాడు. వెళ్లి లారీ ఎక్కి గేటుకి ఆనించాడు. "తాళం నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

తాళం వాళ్లే తీశారు.

అంచున నిలబడ్డాక నా చెయ్యి చాలాసేపు లేవలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. చివరికి లేచింది. పీపాలు ఒక్క గీత పడకుండా దిగాయి. లారీ ట్యాంకులో మిగిలిన చమురు ఆసుపత్రిదాకా సరిపోయింది.

సాయంత్రం పోలీసులొచ్చారు. "పని మానేసినన్నాళ్లూ మిమ్మల్ని ఏమీ చెయ్యలేకపోయాం. పని చేసి దొరికారు" అని నవ్వాడు ఇన్‌స్పెక్టరు. అనుమతి లేకుండా సరుకు దింపినందుకు పెద్దాయన్నీ, నన్నూ, మోసినందుకు డ్రైవర్నీ లోపల వేశారు.

మూడో రోజు నర్సు చూడ్డానికొచ్చింది. "ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారు" అంది. అప్పుడు ఏడ్చాను, సిగ్గు లేకుండా, గోడకి తల ఆనించి.

"బయటెలా ఉందమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"డ్రైవర్ని లోపల వేశారని లారీవాళ్లు కూడా ఆపేశారు. బండి తాళాలు తెచ్చి స్టేషను మెట్ల మీద గుట్ట పోశారు."

ఇన్‌స్పెక్టరు నవ్వట్లేదు. ఊచల తలుపు తెరిచి డ్రైవర్ని పిలిచాడు. "నువ్వు ఇంటికెళ్లిపోవయ్యా. వెళ్లి నీవాళ్లని లారీలు తియ్యమను."

డ్రైవరు ఆవులించి, అటు తిరిగి పడుకునే అన్నాడు.

"ముగ్గురం కలిసి చేసిన పని సార్. ముగ్గుర్నీ పంపండి. వలలు కూడా మార్పించండి. అంతదాకా నన్ను లేపకండి."