వెలి వేసినవాళ్ల పేర్లు

"మా కుటుంబానికి గ్రామంలో వెలి జరిగినది. కావున దయచేసి..."

గంగాప్రసాద్ అంతవరకే చదివాడు. ఉల్లిగడ్డలు కోస్తున్న లింబాద్రి, ఊరి వరసన అతనికి మామ, కత్తి ఆపాడు.

"జరిగినదా? జరగనీకె అదేమన్న జాతరనా అల్లుడా? ఎవలు జేసిండ్రో రాయవా?"

"కలెక్టరుకు తెలుస్తది మామ."

"ఎట్ల తెలుస్తది? ఆయన మన ఊరోడా?"

ఖతార్‌లోని బర్వా అల్ బరాహా కూలీల క్యాంపులో ఎవరికి అర్జీ కావాలన్నా గంగాప్రసాద్ మంచం దగ్గరికే వస్తారు. ఆ గదిలో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే. సైట్లో టైమ్‌కీపర్. లీవు కాగితమైతే నిలబడే రాసిచ్చేస్తాడు. ఈ కాగితం మాత్రం మూడుసార్లు చింపాడు.

లింబాద్రి తన ఇంటి పక్క జాగను ఊరి కమిటీ హాలుకు ఇయ్యనన్నందుకు, నాలుగు నెలల కింద కమిటీవాళ్లు ఊళ్లో డప్పు కొట్టించారు. లింబాద్రి ఇంటోళ్లతో మాట్లాడినా, వాళ్ల చేనుకు కూలికి పోయినా కమిటీకి దండుగ కట్టాలి. ఆ డప్పు ఖతార్ దాకా వినబడింది. ఆ వారమే, వాళ్లతో గదిలో ఉండే అదే ఊరి మారుతి గది మారాడు. "ఏమనుకోకు కాకా, మా ఇంటోళ్ల మీద పడ్తది" అని పెట్టె ఎత్తుకున్నాడు. గంగాప్రసాద్ మారలేదు. మారానని ఇంటికి అబద్ధం చెప్పాడు.

అక్కడ ఊళ్లో లింబాద్రి భార్య బాలవ్వ ఒక్కతే పసుపు తవ్వుతోంది. ఉడకబెట్టడానికి మనిషి రావడం లేదు. కొమ్ములు కుప్పలోనే బూజు పడుతున్నాయి. ఫోన్లో ఫొటో తీసి పంపే ఈ అర్జీని సోమవారం కలెక్టరు ప్రజావాణిలో బాలవ్వ ఇయ్యకపోతే ఏడాది పంట మట్టే.

కమిటీకి పెద్ద బాజన్న, గంగాప్రసాద్ తండ్రి.

పసుపు ఉడికే రోజుల్లో ఊరి పిల్లలంతా లింబాద్రి కళ్లంలోనే ఉండేవాళ్లు. బాలవ్వ కడాయిలో గెనుసుగడ్డలు పడేసేది. నోట్లో పెట్టుకుంటే పసుపు వాసన, కొంచెం చేదు, ఆ వెనకే తీపి. పొయ్యి పక్కన బాజన్న, లింబాద్రి ఒకే బీడీ మార్చి మార్చి పీల్చేవాళ్లు. బాపు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వడం గంగాప్రసాద్ చూసింది అక్కడే. ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

అతను కొత్త కాగితం తీశాడు. 'మమ్మల్ని వెలి వేసినవారు' అని రాసి, కింద తొమ్మిది పేర్లు రాశాడు. మొదటిది బాజన్నది. బాపు ఇంకొకళ్ల నోట వినడం కంటే తన నోటనే వినాలని, బయటి మెట్ల మీద కూర్చుని ఫోన్ కలిపాడు.

"బాపూ, లింబాద్రి మామ అర్జీ నేనే రాసిన. నీ పేరు మొదలు వెట్టిన."

"గది మారినన్నవ్ గద?"

"మారలే. ఒక్క గిన్నెల్నే తింటున్నం."

అటు టీవీ చప్పుడు ఆగింది.

"ఇగ ఇంటికి ఫోన్ జెయ్యకు బిడ్డా. రేపు కమిటీల వెలికి నీ పేరు నేనే చెప్పాలె. ఊరందరికొక లెక్క, నా కొడుక్కొక లెక్కనా?" గొంతులో కోపం లేదు. కోపముంటే గంగాప్రసాద్‌కు కొంత నయమయ్యేది. "మీ అవ్వకు నేను చెప్పుకుంట."

పెట్టేస్తాడనుకున్నాడు. పెట్టలేదు.

"వానికి షుగరు గద. గోలీలు ఏసుకుంటున్నడా?"

"ఏసుకుంటున్నడు."

ఫోన్ కట్టయింది.

లోపలికి వెళితే లింబాద్రి తలెత్తాడు. "ఏమన్నడు?"

"ఇంటికి ఫోన్ జెయ్యొద్దన్నడు. నువ్వు గోలీలు ఏసుకుంటున్నవా అని అడిగిండు."

లింబాద్రి పొయ్యి మంట తగ్గించాడు. "ఆ పేరు తీసెయ్యి అల్లుడా. ఎనిమిది సాలవా?"

"చేసింది తొమ్మిది మంది మామ," అంటూ గంగాప్రసాద్ సంతకానికి పెన్ను అతని చేతిలో పెట్టాడు.