గొడుగు పక్కన పెళ్లికొడుకు

ఒడిశాలో బరంపురం పక్కనున్న హల్దియాపదర్‌లో ఫొటోలు తీసుకుని బతికే ఢిల్లీశ్వరరావు, కొత్త కెమెరా కొన్న నెల్లోనే దానికన్నా తనకే బుర్ర తక్కువని తేల్చుకున్నాడు. పాత కెమెరాకి కాస్త మర్యాద ఉండేది. ఎంత పిచ్చి ఫొటో తీసినా కడుపులో దాచుకునేది. కార్డు పీకి కంప్యూటర్లో పెడితే తప్ప నోరు విప్పేది కాదు. ఈ కొత్తదానికి ఆ గుట్టు లేదు. ఇలా నొక్కడం పాపం, అలా ఫొటో జేబులో ఉన్న ఫోనులోకి వచ్చి పడుతుంది. తీగ లేదు, తాడు లేదు. ఫోనేమో సిగ్నల్ దొరగ్గానే ఆ ఫొటోని బరంపురంలో శాంతి కంప్యూటర్‌కి చేరవేసేస్తుంది.

శాంతి పెళ్లి ఆల్బములు కూర్చే మనిషి. ఊళ్లో నలుగురు ఫొటోగ్రాఫర్లు తెచ్చిన బొమ్మల్ని కత్తిరించి, వెనకాల తామరపువ్వులూ రాజహంసలూ పెట్టి, మామూలు జంటని మహారాజ దంపతుల్ని చేసేస్తుంది. ఫొటోలు తనకి నేరుగా వచ్చేటట్టు కెమెరానీ ఫోనునీ కలిపి పెట్టింది కూడా ఆమే. "పెల్లి అవుతుండగానే ఇక్కడ పేజీలు సేసీవచ్చు ఢిల్లీ గారూ, మీరు కార్డు అట్టుకుని తిరగక్కర్లేదు" అంది. కార్డు అట్టుకుని ఆమె గదికి వెళ్లడానికే ఇతగాడు ఇన్నేళ్లూ ఫొటోలు తీస్తున్నాడని ఆమెకెవరు చెబుతారు? ఇతగాడు చెప్పడు. నలభై దగ్గర పడుతోంది, నడినెత్తిన జుట్టు సెలవు తీసుకుంది, ఇంకా చెప్పలేదు. పోయిన వానాకాలం ఆమె ఇచ్చిన చిలకపచ్చ గొడుగు కూడా తిరిగివ్వలేదు. అడిగినప్పుడల్లా "మర్చిపోనానండీ" అంటాడు. ఎంత మర్చిపోయాడంటే, ఎండాకాలంలో కూడా దాన్ని కెమెరా సంచిలో పెట్టుకుని తిరిగాడు.

అలాంటివాడికి నిప్పు అంటించింది శాంతి అన్నయ్య సోములు. సోములుది రైల్వేలో ఉద్యోగం, ఢిల్లీశ్వరరావుకి చిన్ననాటి దోస్తు. స్టేషను దగ్గర టీ తాగుతూ అన్నాడు.

"ఒరే ఢిల్లీ, ఈ ఆదోరం దిగపహండి నుంచి మా సెల్లిని సూడ్డానికొస్తన్నార్రా. ఎరువుల కొట్టున్నాదట. నాకెందుకో మనసు ఒప్పట్లేదు. అదేమో ఏటీ సెప్పదు. వొచ్చినోల్లు బాగున్నాదంటే తాంబూలాలు ఇచ్చీడమే. నువ్వు ఊరూరా పెల్లిల్లు తిరుగుతావు గదా, ఎరికున్న మంచోడెవుడైనా ఉంటే ఓ ఫొటో పంపరా నాకు."

'మంచోడికేటిరా, నేను లేనా' అన్న మాట ఢిల్లీశ్వరరావు నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడ నిలబడి, బయట జనం ఎక్కువున్నారని వెనక్కి వెళ్లిపోయింది. "అలాగేరా, సూస్తాను" అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టాక తనని తానే తిట్టుకున్నాడు. సరే, నోరు లేకపోతే పోయింది, చేతిలో కెమెరా ఉంది కదా. సోములు అడిగింది ఫొటోయే. ఫొటో పంపితే వాడే అర్థం చేసుకుంటాడు.

ఇంటికొచ్చి వెతికితే తన ఫొటో ఒక్కటీ లేదు. ఊళ్లో సగం మందికి సంబంధాల ఫొటోలు తీసినవాడికి సొంత బొమ్మంటే ఆధార్ కార్డు మీదున్నదే. అది పంపితే పోలీసులొస్తారు తప్ప పెళ్లివారు రారు.

అలా ఆ ఫొటో పని కూడా సంచిలో వేసుకుని పాత్రపూర్ పెళ్లికి వెళ్లాడు. శ్రావణమాసం, పెళ్లి ముందురోజు పొద్దుట్నించీ ఒకటే వాన. ఊళ్లో సిగ్నల్ చచ్చిపోయింది. మధ్యాహ్నం అందరూ భోజనాల పందిట్లో ఉన్నారు. లైటు పట్టే పైడన్న కూడా విస్తరి ముందు కూర్చున్నాడు. పెళ్లి వేదిక మీద ఎర్ర మఖమలు సోఫా, వెనకాల పూల తోరణం, చుట్టూ పిట్ట లేదు. ఇంతకన్నా మంచి అదను ఎక్కడ దొరుకుతుంది?

కెమెరాని స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి సోఫాలో కూర్చున్నాడు. మొదటి ఫొటోలో కళ్లు మూసుకుపోయాయి. రెండోదాంట్లో ఎవరో అప్పుడే కొట్టి కూర్చోబెట్టినట్టున్నాడు. "కొంచెం నవ్వండి సార్, ఇంకొంచెం" అని లోకమంతటికీ చెప్పేవాడికి తన పెదాలు ఎటు లాగాలో తెలియలేదు. పెళ్లికొడుకులకి పెట్టడానికి సంచిలో ఎప్పుడూ ఉండే జరీ తలపాగా తీసి పెట్టుకున్నాడు. బట్టతల మాయమయ్యేసరికి ధైర్యం వచ్చింది. నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. ధైర్యం మరీ ఎక్కువైంది.

అప్పుడు కనబడింది, పక్కన ఖాళీ. ఇద్దరు కూర్చునే సోఫాలో ఒక్కడే ఉంటే ఫొటో బోసిగా ఉంటుంది. పనివాడి కన్ను ఒప్పుకోదు కదా! సంచిలోంచి చిలకపచ్చ గొడుగు తీసి పక్కన ఆనించాడు. గొడుగు ఒట్టిగా ఉంటే బాగోలేదని దానికి ప్లాస్టిక్ పూలదండ వేశాడు. ఒకటి తీశాడు. గొడుగు పిడి పట్టుకుని, పాణిగ్రహణం లాగ ఇంకొకటి తీశాడు. చివరికి తలపాగా వంచి గొడుగు చెవిలో, అంటే చెవి ఉండాల్సిన చోట, ఏదో గుసగుస చెబుతూ కూడా తీశాడు. ఇది మతి ఉన్నవాడు చేసే పనేనా? కాదు. కానీ ఆ కాసేపూ ఢిల్లీశ్వరరావు చాలా సుఖంగా ఉన్నాడు.

వెనకనించి పైడన్న దగ్గు వినబడింది.

"ఏటి బావూ, గొడుక్కి దండేసినావు?"

"తడిసిపోనాది. ఆరబెట్టినాను."

"దండేసి ఆరబెడతారేటి?" అన్నాడు పైడన్న పళ్లు కుట్టుకుంటూ. "తలపాగా కూడా తడిసిపోనాదా?"

కెమెరా లాక్కుని, ఆ ఫొటోలన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. ఒక్కటి కూడా సోముల్ని చేరే యోగ్యత ఉన్నది కాదు. కార్డులో లేకపోతే లోకంలో లేనట్టే అనుకుని పాత కెమెరా రోజుల ధీమాతో వెళ్లి భోజనానికి కూర్చున్నాడు. వాటి నకళ్లు అప్పటికే జేబులోని ఫోనులో చేరి, సిగ్నల్ కోసం కాచుక్కూర్చున్నాయన్న మాట ఆ తెలివైన బుర్రకి తట్టలేదు.

మర్నాడు పొద్దున్న ఎండ కాసింది. సిగ్నల్ కూడా వచ్చింది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే వేళకి జేబులో ఫోను గిర్రుమంది. ఆగి, మళ్లీ గిర్రుమంది. పొద్దుటి ఫొటోలు వెళుతున్నాయి కాబోలని ఒకసారి తీసి చూశాడు. తెర మీద తలపాగా, నల్లకళ్లద్దాలు, పక్కన దండ వేసుకుని చిలకపచ్చ గొడుగు. కింద 'పంపబడింది' అని ఉంది. గుండె జారి కెమెరా సంచిలో పడింది.

ఆపాలి. ఎలా ఆపడం? రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయి, బాజాలు మోగుతున్నాయి, పంతులు "ఫొటో బాబూ, ఇటు ఇటు" అని కేకలేస్తున్నాడు. గుసగుస ఫొటో కూడా వెళ్లిపోతోందని తెలిసి తెలిసి, ముత్తయిదువుల మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని ఎవరిదో పెళ్లి తీస్తూనే ఉన్నాడు. అంతట్లో శాంతి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. పెళ్లికూతురి మేనత్త కళ్లెర్రజేస్తే ఫోను నొక్కి ఆపేశాడు.

తలంబ్రాలయ్యాక చూస్తే శాంతి నుంచి ఒక్కటే ముక్క. "పెల్లికొడుకులు ఇద్దరున్నారు. ఎవరి ఆల్బం సెయ్యాల?"

"ఏటయ్యింది బావూ, మొకం అలగ అయిపోనాది?" అన్నాడు పైడన్న.

"ఏటీ నేదు. నా పెల్లి అయిపోనాది."

తిరుగు బస్సు దిగేసరికి బరంపురంలో వాన దంచుతోంది. సంచిలో గొడుగుంది. తెరవడానికి మొహం చెల్లలేదు. తడుస్తూనే నడిచాడు. ఆమె నవ్వితే భరించొచ్చు, నలుగురికీ చూపించినా పోనీ అనుకోవచ్చు. కానీ అన్నయ్యతో చెప్పి, ఆదివారం ఎరువుల కొట్టువాడికి సరేననేస్తే? ఇంక కార్డు పట్టుకునీ, పట్టుకోకుండానూ ఆ గదికి వెళ్లే పని ఉండదు. అది తలుచుకునేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వానలో ఎవరికీ కనబడలేదు, అదొక్కటే అతని పరువు.

శాంతి గదిలో కంప్యూటర్ ముందు కూర్చునుంది. గుమ్మంలో నీళ్లు కారుతూ నిలబడ్డ మనిషిని కిందనించి పైకి చూసింది.

"గొడుగుండి తడిసిపోయినారేటి?"

సంచిలోంచి గొడుగు తీసి, పొడిగా ఉన్నదాన్ని ఆమె బల్ల మీద పెట్టాడు. "మర్చిపోనానండీ" అన్నాడు అలవాటు కొద్దీ.

ఆమె తెర ఇటు తిప్పింది. ఆల్బం పేజీ. తామరపువ్వులున్నాయి, రాజహంసలున్నాయి. మధ్యలో ఎర్ర సోఫా మీద జరీ తలపాగాతో ఢిల్లీశ్వరరావు ఉన్నాడు. నల్లకళ్లద్దాలు తీసేసింది. ఎలా తీసిందో ఏమో గానీ కళ్లు అచ్చం అతనివే. పక్కన గొడుగు లేదు. చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి, ఆ చోటు ఖాళీగా వదిలింది.

"గొడుగు నాది. తీసీసుకున్నాను" అంది శాంతి, తెరవైపే చూస్తూ. "ఆ జాగాలో ఏటెట్టాలో సెప్పండి. ఆదోరం లోపల సెప్పాల."

నాలిక చివర ఇన్నేళ్లు నిలబడిన మాట ఈసారి వెనక్కి వెళ్లడానికి దారి లేకపోయింది.

"మీరండీ. ఆ జాగా మీదేనండీ శాంతి గారూ. ఎప్పుట్నించో."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. జడ ముందుకు వేసుకుని కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మరి నా ఫొటో తియ్యండి. తీసి, తిన్నగా మా అన్నయ్య ఫోనుకి పంపండి. మల్లీ సెరిపీగలరు."

వేల మంది పెళ్లికూతుళ్లని తీసినవాడే. కెమెరా ఎత్తి చూస్తే అంతా చీకటి. "మూత తియ్యండి ముందు" అంది శాంతి. మూత తీశాడు. నవ్వండి అని చెప్పక్కర్లేకపోయింది. నొక్కాడు, పంపాడు.

టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు, సోములు ఫోను చేశాడు. శాంతి ఢిల్లీశ్వరరావు ఫోను అందుకుని, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"ఒరే ఢిల్లీ, మతి గాని పోయిందేట్రా? మంచోడెవుడైనా ఉంటే ఫొటో పంపమన్నాను గాని, మా సెల్లి ఫొటో నాకే పంపినావేటి? మంచోడేడ్రా ఇందులో?"

ఢిల్లీశ్వరరావు నోరు తెరిచాడు. ఇంత జరిగాక కూడా అందులోంచి గాలే వచ్చింది. శాంతి ముందుకు వంగింది.

"కెమెరా ఎనకాల ఉన్నాడన్నయ్యా" అంది. "దిగపహండోల్లని రావద్దని సెప్పీ."