లైన్‌మన్ గారి గళ్ల లుంగీ

నేను ఒక లుంగీని. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, నేనేమీ అనుకోను. పట్టుచీర తన కథ చెబితే చెవులు రిక్కించి వింటారు. లుంగీ నోరు విప్పితే మాత్రం, దీనికేం కథ ఉంటుంది, సాయంత్రం కట్టడం, తెల్లవారేసరికి జారిపోవడం తప్ప అంటారు. జారిపోయిన మాట నిజమే. చాలాసార్లు జారాను. ఆ సంగతులు ఇక్కడ చెప్పను, ఆ ఇంటి ఉప్పు తిన్నదాన్ని కాకపోయినా గంజి తాగినదాన్ని.

పిఠాపురం అవతల ఒక నేతపల్లెలో వీరాస్వామి అనే పెద్దాయన మగ్గం గుంటలో కాళ్లు దింపుకుని కూర్చుని నన్ను నేశాడు. నీలమూ కుంకుమరంగూ కలిసిన గళ్లు. నేసినన్నాళ్లూ పక్క మగ్గం మీద ఉన్న తమ్ముడితో ఒక్క నిమిషం ఆపకుండా వాదించాడు. దేని గురించో నాకు అర్థం కాలేదు. వాళ్లకూ అర్థమైనట్టు లేదు, ఎందుకంటే నా చివరి అంచు వచ్చేసరికి ఇద్దరూ పక్షాలు మార్చుకుని అదే వాదన చేసుకుంటున్నారు.

తుని సంతలో నన్ను కొన్నది సత్యవేణి. రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి, "ఇది బట్టా, అట్టముక్కా?" అని అడిగింది. ఉతికేకొద్దీ వెన్నలా అవుతుందమ్మా అని కొట్టువాడు ఒట్టు వేశాడు. కొట్టువాళ్లు వేసే ఒట్లలో నిజమైనది అదొక్కటే అయి ఉంటుంది. ఏడాది తిరక్కుండానే నేను మెత్తబడ్డాను. పద్నాలుగేళ్లు గడిచేసరికి నన్ను పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండేది కాదు.

ఆ పద్నాలుగేళ్లూ నేను సత్యవేణి భర్త గవర్రాజు నడుము మీదే ఉన్నాను. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్. పగలంతా ఖాకీ బట్టల్లో స్తంభాలెక్కి, ఇంటికొచ్చి నాలుగు చెంబులు పోసుకుని నన్ను చుట్టుకుంటే తప్ప ఆయన మనుషుల్లో పడేవాడు కాదు. కొబ్బరినూనె, వక్కపొడి, చెమట కలిసిన ఆయన వాసన నాలో ఎంతగా ఇంకిపోయిందంటే, దండెం మీద ఆరేసినా పక్కన ఉన్న చీరలు మొహం తిప్పుకునేవి.

ఆయనకు ఒకే కూతురు, ఝాన్సీ. నేను ఆ ఇంటికి రాకముందు, ఆ పిల్ల పసితనంలో గాలివాన వచ్చిన ప్రతిసారీ ఊళ్లో తండ్రులందరూ పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఈయన మాత్రం తెగిన తీగల వెంట తిరిగేవాడు. ఇంటికి వచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉండేది, వెళ్లేసరికి ఇంకా లేచేది కాదు. "దాన్ని నా చేతుల్తో ఒక్కసారి కూడా నిద్రపుచ్చలేదే" అని సత్యవేణితో చాలాసార్లు అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా నా అంచుతోనే మొహం తుడుచుకునేవాడు. చెమట ఎంతో కన్నీళ్లు ఎంతో నాకు తెలుసు, చెప్పను.

రిటైరయ్యాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. అప్పుడు ఆయన ఫోనులో ఒక లోకం కనిపెట్టాడు. ఇంట్లో ఉన్న వస్తువులతోనే, పైసా ఖర్చు లేకుండా ఏవేవో తయారుచేసే వీడియోలు. ఎవరో ఒకావిడ కత్తెర, జిగురు పట్టుకుని రెండు నిమిషాల్లో పాత సీసాను పూలకుండీ చేస్తుంది. అది చూసి ఈయన పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి సీసా పగిలేది, సాయంత్రానికి వేలికి కట్టు పడేది. విరిగిన గొడుగు ఊచలకు క్లిప్పులు తగిలించి గుడ్డలు ఆరేసే చక్రం చేశాడు. అది నిజంగానే బాగుంది, కాకపోతే గాలి వచ్చినప్పుడు గుడ్డలతో సహా పక్కింటికి వెళ్లిపోయేది. ఒకరోజు సత్యవేణి పులిసిన ఇడ్లీ పిండి ముందు పెట్టుకుని రేకుల కోసం ఇల్లంతా వెతికింది. అవి ముందు గదిలో బల్బు చుట్టూ దీపపు తొడుగై వేలాడుతున్నాయి. గోడల నిండా గుండ్రటి వెలుగు చుక్కలు.

"ఎలా ఉందే?" అని అడిగాడు గవర్రాజు.

"చుక్కలు బానే ఉన్నాయండి. పొద్దున్నే చట్నీలో అద్దుకుందురుగాని" అంది సత్యవేణి.

అలాంటి ఇంటికి ఝాన్సీ పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడు కేజీలకు కాస్త తక్కువ బరువు, ముప్పై కేజీల గొంతు. ఆ పిల్లకు ఏ జబ్బూ లేదని డాక్టరమ్మ రెండుసార్లు చూసి చెప్పింది. కానీ నిద్రపోదు. కళ్లు మూతపడి పట్టుమని పావుగంట కాకముందే ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకునేది. ఇరవై రోజులకు ఝాన్సీ మొహం పీక్కుపోయింది. అన్నం కలుపుకుంటూ కంచం ముందే తూలిపోయేది. సత్యవేణి పాడింది, జోకొట్టింది, దిష్టి తీసింది. కొన్న ఉయ్యాలలో వేస్తే దాని ఇనుప చట్రం కిర్రుమన్న ప్రతిసారీ పిల్ల ఇంకో శ్రుతి పెంచేది.

తన రోజు వచ్చిందని గవర్రాజుకు అనిపించింది. అప్పుడు తప్పిపోయింది ఇప్పుడు దొరికిందనుకున్నాడు. కూతురు ఒక పూట కడుపునిండా నిద్రపోవాలి, అది తన చేతుల మీదుగా జరగాలి. అంతకంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. ఫోను ముందు పెట్టుకుని పనిలోకి దిగాడు. మందుల డబ్బాలో శెనగలు పోసి గిలక చేశాడు. అది ఆడిస్తే పిల్ల హడలిపోయింది. పాత గాజులు దారాలకు కట్టి ఉయ్యాల పైన వేలాడదీశాడు. ఫ్యాను వేయగానే అవి ఒకదానితో ఒకటి కలియబడ్డాయి. పాడైపోయిన సీడీలు తగిలిస్తే మెరుపు నేరుగా పిల్ల కళ్లలో పడింది. ప్రతిదానికీ ఏడుపు పెరిగిందే కానీ తగ్గలేదు. ఆయన మాత్రం ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టి, మళ్లీ ఫోను తీసేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన చూపు నా మీద పడింది. ఇంట్లో అన్నిటికంటే మెత్తనిది నేనే. అంతకుముందు నన్ను గుడ్డపీలికలు చేద్దామని సత్యవేణి ఎన్నిసార్లు అడిగినా ఇవ్వని మనిషి, ఆ రోజు ఖాకీ నిక్కరు తొడుక్కుని నన్ను విప్పి, రెండు చివర్లూ కుచ్చు పోగేసి తాడుతో బిగించి, దూలానికి ఉన్న కొక్కేనికి వేలాడదీశాడు. నిజం చెబుతున్నాను, ఆ ముడులు చాలా అందంగా ఉన్నాయి. ముప్పై ఏళ్ల స్తంభాల పనితనం అంతా అందులో ఉంది. ఝాన్సీ పిల్లను ఎత్తుకుని వచ్చింది.

"ఆగు తల్లీ, ముందు నేను కూర్చుని చూడాలి" అన్నాడు గవర్రాజు.

"పసిదాని బరువు నాలుగు కేజీలు లేదు. మీరెందుకండి ఎక్కడం?" అంది సత్యవేణి.

"తాడు మీదకి ఇంకోళ్లని ఎక్కించే ముందు మన బరువేసి చూసుకోవాలే. లైన్‌మన్ అన్నాక పద్ధతి పద్ధతే."

ఆ పద్ధతి ఎన్ని ప్రాణాలు కాపాడిందో నాకు తెలియదు. డెబ్బై ఎనిమిది కేజీల మనిషి నాలో కూర్చున్నాడు. ముడులు చెక్కుచెదరలేదు. కొక్కెం కదల్లేదు. నేనే చిరిగాను, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, నిలువునా. ఆయన నిక్కరుతో సహా నేల మీద కూలబడ్డాడు. పిల్ల ఏడుపు మానేసి చూసింది. ఆ తర్వాత సత్యవేణి నవ్వడం మొదలుపెట్టింది, పైట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఝాన్సీ కూడా నవ్వింది. నవ్వి నవ్వి చేతుల్లో బలం చాలక, "నాన్నా, కాస్త పట్టుకో" అని పిల్లను తండ్రి ఒళ్లో పెట్టేసి గోడకు చేరగిలబడింది. పిల్ల మళ్లీ గొంతు సవరించుకుంది. గవర్రాజుకు ఏంచేయాలో తోచక, చేతికందిన నా సగం ముక్కను పిల్లకు చుట్టి గుండెకు ఆనించుకున్నాడు.

పిల్ల ముక్కు నాలో దూర్చింది. రెండుసార్లు ఊపిరి పీల్చింది. నిద్రపోయింది.

ఎవరూ నమ్మలేదు, నేను కూడా. పావుగంట అయింది, అరగంట అయింది. గోడకు ఆనుకున్న ఝాన్సీ అలాగే పక్కకు ఒరిగి చాప మీద నిద్రపోయింది. గవర్రాజు రెండున్నర గంటలు కదలకుండా ఆ నేల మీదే కూర్చున్నాడు. కాలు తిమ్మిరెక్కింది, నడుము పట్టేసింది, ముక్కు మీద ఈగ వాలింది. ఆయన మొహంలో అంత సంతోషం నేను పద్నాలుగేళ్లలో ఎప్పుడూ చూడలేదు. మనుషులు ఫోనులో చూసి, కొలతలు వేసుకుని చేసినవి ఒక్కటీ పనికి రాలేదు. కిందపడినప్పుడు దొరికింది పనికొచ్చింది.

అప్పటినుంచి నన్ను నేను అనాలో మేము అనాలో నాకే తెలియదు. ఒక ముక్క పిల్లకు, ఒక ముక్క ఆయన భుజం మీదకు. వారం తర్వాత సత్యవేణి శుభ్రం కోసం పిల్ల ముక్కను సబ్బు పెట్టి ఉతికి, ఎండలో ఆరేసి చుట్టింది. పిల్ల ఇల్లు ఎగరగొట్టేసింది. ఎవరికీ ఏం పాలుపోలేదు. చివరకు సత్యవేణే నన్ను వాసన చూసి, భర్త భుజం మీది ముక్కను లాగి చుట్టింది. పిల్ల వెంటనే కళ్లు మూసింది. "మీ చెమట కంపుకి ఇన్నాళ్లకి ఒక అభిమాని దొరికింది" అంది ఆవిడ. అంటూనే కళ్లు తుడుచుకుంది.

మూడో నెలలో ఝాన్సీ పాలకొల్లులోని అత్తవారింటికి వెళ్లింది. ఒక ముక్కను ఉతక్కుండానే మడిచి సంచిలో పెట్టుకుంది. పది రోజులకు ఫోను వచ్చింది. అత్తగారు ముచ్చటపడి దాన్ని బట్టలకు సువాసన పట్టించే ద్రావణంలో ముంచి తీశారట, పిల్ల ఊరంతా లేపుతోందట. గవర్రాజు భుజం మీది ముక్కను తీసి కవరులో పెట్టి బస్సు పార్సిల్లో పంపాడు. ఉతికిన ముక్క ఇటు వచ్చింది. ఆయన దాన్ని రెండు రోజులు భుజాన వేసుకుని ఎండలో తిరిగి, వాసన పట్టాక మళ్లీ పంపాడు. అలా నెలల తరబడి నేను ఒక బస్సులో వెళ్తూ, ఇంకో బస్సులో తిరిగి వస్తూ గడిపాను. పార్సిల్ గుమస్తా ఒకరోజు కవరు తెరిచి చూసి, "పాత గుడ్డ ఇంత పదిలంగా పంపుతున్నారేంటండి బాబు?" అని అడిగాడు. "మందండి" అన్నాడు గవర్రాజు.

పోయిన వారం ఝాన్సీ ఫోను చేసింది. ఆ సమయానికి నేను ఆయన భుజం మీదే ఉన్నాను, రెండు గొంతులూ వినబడ్డాయి. పాపకు ఎనిమిదో నెల, ఏది కప్పినా ఇప్పుడు హాయిగా నిద్రపోతోందని చెప్పింది. మంచిదమ్మా, ఇక పంపక్కర్లేదన్నమాట, అన్నాడు ఆయన. ఆ మాట అంటూనే నా అంచును వేలికి చుట్టుకున్నాడు.

"పంపడం మానకు నాన్నా" అంది ఝాన్సీ. "పాపని పడుకోబెడతా నేనూ పక్కనే పడుకునేదాన్ని. ఆ ముక్క లేకపోతే ఇప్పుడు నాకు నిద్ర పట్టట్లేదు."

గవర్రాజు ఫోను పక్కన పెట్టాడు. ముక్కు చీదుకోవడానికి నన్ను అందుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, చొక్కా చేతితో తుడుచుకున్నాడు. తర్వాత నన్ను రెండు భుజాల మీదుగా గట్టిగా కప్పుకుని డాబా ఎక్కి ఎండలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. పాలకొల్లు బస్సు నాలుగింటికి.