వెనక సీటు మనిషి

మీసం మొలిచినప్పటి నుంచీ లామర్ చేపలు పడుతూనే ఉన్నాడు కానీ, పడవ ముందు సీట్లో కూర్చున్న పాపాన పోలేదు. పడవ వాళ్ళ బావమరిది రాండల్‌ది. పడవ ఎవరిదో ముందు సీటు వాళ్ళది, కూసా నది మీద అది ఎవరూ కాదనని కట్టుబాటు. ముందువాడు మంచి మంచి చోట్లన్నీ గాలం వేసి దులిపేశాక, మిగిలిన నీళ్ళు వెనకవాడివి. ఎంగిలి నీళ్ళు! పైగా, "ఏం బావా, ఇంకా బోణీ కాలేదా?" అని వెటకారం. లామర్ నవ్వి ఊరుకునేవాడు. ఊరుకోక చస్తాడా, మళ్ళీ ఒడ్డుకు చేర్చాల్సింది ఆ పడవే కదా.

కాగితం మిల్లులో ఉద్యోగం అయిపోయిన రోజునే పెళ్ళాంతో తేల్చి చెప్పేశాడు. "చచ్చేలోగా ఒక్కసారైనా నా పడవలో నేను ముందు కూర్చోవాలే."

"కూర్చో, నేనేమన్నా కాళ్ళు పట్టుకు లాగానా? కొత్తది మాత్రం కొనకు" అంది ఆవిడ.

పాతదైతే ఊళ్ళో ఎర్లీనమ్మ అనే పెద్దావిడ కొట్టంలో ఒకటుంది. ఆవిడ మొగుడు వెస్టర్ పోయాక దాని మీద కప్పిన టార్పాలిన్ ఎవరూ ఎత్తలేదు. కొంటామని వచ్చినవాళ్ళు బోలెడుమంది. వచ్చినవాడల్లా పడవను తట్టి, ముక్కు చిట్లించి, ఇంజను మార్చాలి, రంగు మార్చాలి అని పేర్లు పెట్టేవాడే. ఆవిడ అందరినీ గేటు దాకా సాగనంపింది.

లామర్ వెళ్ళేసరికి వరండాలో ఉడికించిన వేరుశనక్కాయలు వొలుచుకుంటోంది. "నువ్వూ తట్టి చూస్తావా? అదేమన్నా పుచ్చకాయా?" అంది.

లామర్ తట్టలేదు. టార్పాలిన్ ఎత్తి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచాడు. కింద తళుకుల ఎర్ర రంగు తళుక్కుమంది. సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి, ఇంజను గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. అయినా అతని కళ్ళు ముందున్న ఎత్తు సీటు మీదే.

"ముందు నీళ్ళలోకి దింపు. నేనూ వస్తా" అంది ఎర్లీనమ్మ. "నీ చేతిలో బాగుంటుందని నాకనిపిస్తే నీది. లేదంటే మళ్ళీ కొట్టంలోకే. పడవల సంగతి తెలుసా నీకు?"

"భలేవారే! బుద్ధెరిగినప్పటి నుంచీ రేవులోనేగా నా బతుకు" అన్నాడు లామర్. అక్కడ కాస్త ఎక్కువ కూశాడు.

వారమంతా కొట్టంలోనే ఉన్నాడు. గూళ్ళు దులిపాడు, పాత పెట్రోలు పారబోశాడు, కొత్త బ్యాటరీ వేశాడు, ట్రైలర్ చక్రాలకు కొత్త టైర్లు తొడిగాడు. ఎర్లీనమ్మ వేరుశనక్కాయల గిన్నె పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చునేది.

శనివారం పొద్దున రేవు తిరునాళ్ళలా ఉంది. ట్రక్కు ఎర్లీనమ్మే నడిపింది. ట్రైలర్‌ని వెనక్కి వెనక్కి, గీత గీసినట్టు నీళ్ళలోకి దించేసింది. పడవలో కూర్చున్న లామర్ ఇంజను తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, నల్లగా పొగ కక్కింది, ఆపైన గుర్రుమని అందుకుంది. ఒడ్డున కాఫీలు తాగుతున్నవాళ్ళు ఈలలు వేశారు. లామర్ ఛాతీ రెండింతలైంది.

ఆవిడ ట్రక్కు ఆపి వచ్చేలోపే అతని బూట్లు తడిశాయి. పడవ వెనక భాగం కిందికి దిగుతోంది.

"ఏవయ్యోయ్! బిరడా పెట్టావా?" అని కేకేశాడు ఒడ్డున ఒకాయన.

బిరడా! పడవ అడుగున వాననీళ్ళు కారిపోవడానికి కన్నం ఉంటుంది. మూలన పెట్టేటప్పుడు బిరడా తీస్తారు, దించేటప్పుడు బిగిస్తారు. అది పడవ గలవాడి పని. వెనక సీటువాడి పని తాడు పట్టుకోవడం. లామర్ జన్మంతా పట్టుకున్నది తాడే!

ఇంజను ఆపి, దభీమని నడుంలోతు నీళ్ళలోకి దూకి, తడిమి తడిమి కన్నంలో బొటనవేలు దూర్చాడు. ఒడ్డంతా గొల్లుమంది. "అలాగే ఉండు మావా, రేపు మేస్త్రీని పిలుద్దాం!" అని ఒకడు. లామర్‌కి తల కొట్టేసినట్టయింది. ఎర్లీనమ్మ ఒడ్డున నిలబడి ఉంది, మొహంలో ఏ భావమూ లేదు. అయిపోయింది, పడవ మళ్ళీ కొట్టంలోకే, అనుకున్నాడు.

"అమ్మా, కోతలు కోశాను" అన్నాడు నీళ్ళలోంచే. "నేనెప్పుడూ ఇంకొకరి పడవలో వెనక కూర్చున్నవాణ్ణే. ఈ బిరడా పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు."

ఆవిడ తన చేతిలోని తాళాల గుత్తి వంక చూసుకుంది. మధ్యలో వేలాడుతోంది, ఇత్తడి బిరడా.

"ఆయన చివరిసారి పడవ లోపల పెడుతూ నా చేతిలో పెట్టాడయ్యా, పారెయ్యకే అని" అంది. "రోజూ చేత్తో పట్టుకుంటూనే ఉన్నా, ఇవాళ నేనూ మర్చిపోయా! నాదీ వెనక సీటే మరి. ఏనాడన్నా ముందు కూర్చోనిచ్చాడా మహానుభావుడు?"

అంటూనే పకపకా నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. నవ్వు ఆగాక గోరుతో రింగు విడదీయడానికి చాలాసేపు అవస్థ పడింది. ఊడివచ్చిన బిరడాను గుప్పిట్లో ఒక్క క్షణం పట్టుకుని, చెప్పులతోనే నీళ్ళలోకి దిగి అతనికి అందించింది.

"బిగించు నాయనా. ఇక నీది. ఇది మాత్రం మర్చిపోకు."

పంపు లోపలి నీళ్ళన్నీ తోడేశాక ఇద్దరూ బయల్దేరారు. తుంగ దుబ్బుల దగ్గర లామర్ ఇంజను ఆపి, పడవ మధ్యలోని స్టీరింగు దగ్గర్నుంచి లేచి, గాలం కర్ర తీసుకుని, అలవాటుగా నడిచి వెళ్ళి వెనక సీట్లో కూలబడబోయాడు. అక్కడ అప్పటికే ఎర్లీనమ్మ కూర్చుని ఉంది.

ఇద్దరూ ముందుకు చూశారు. ముందు సీటు ఖాళీగా ఉంది.

"పడవ ఇప్పుడెవరిదయ్యా?" అంది ఆవిడ.

"నాదే" అన్నాడు లామర్. రెండడుగులు వేసి ఆగాడు. "మీరు రండమ్మా, ముందు మీరు వెయ్యండి."

"సగం రోజు నువ్వు, సగం రోజు నేను. మొదట నువ్వు పో" అంది ఎర్లీనమ్మ. "మంచి చోట్లన్నీ దులిపెయ్యకు, నాక్కాస్త ఉంచు."

లామర్ వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు. ఎదురుగా ఎవరి వీపూ లేదు, అన్నీ నీళ్ళే. తుంగకి కుడిపక్కన మంచి చోటొకటి కనిపించింది. అది ఆవిడకి వదిలేసి, ఎడమపక్క గాలం విసిరాడు.